ఇంటికొచ్చి మానేసినవాళ్ళు

1971 వేసవి నుంచి, వియత్నాంలో ఉన్న అమెరికన్ సైనికుడు ఇంటికి రావాలంటే విమానం ఎక్కేముందు ఒక సీసాలో మూత్రం పట్టి ఇవ్వాల్సి వచ్చేది. సీసాలు మార్చకుండా పక్కన ఒకడు నిలబడి చూస్తూ ఉంటాడు. పరీక్షలో హెరాయిన్ జాడ కనబడిందా, ఇక ఆ విమానం వెళ్ళిపోయినట్టే. మనిషిని అక్కడే ఆపేసి, కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉంచి, ఒంట్లోంచి అదంతా పోయాక మళ్ళీ పరీక్ష చేసి పంపేవాళ్ళు. ఈ కార్యక్రమానికి వచ్చిన ముద్దుపేరు 'ఆపరేషన్ గోల్డెన్ ఫ్లో'. దాన్ని తెలుగులోకి అనువదించే పని మాత్రం పెట్టుకోను.

ఇంత హడావుడి ఎందుకంటే, ఆ ఏడాదే రాబర్ట్ స్టీల్, మోర్గన్ మర్ఫీ అనే ఇద్దరు కాంగ్రెస్ సభ్యులు వియత్నాం వెళ్ళొచ్చి, అక్కడున్న మన కుర్రాళ్ళలో నూటికి 10 నుంచి 15 మంది హెరాయిన్‌కి బానిసలయ్యారని ప్రకటించారు. దేశం గుండెల్లో రాయి పడింది. అప్పటిదాకా హెరాయిన్ అంటే న్యూయార్క్, షికాగో లాంటి మహానగరాల్లో పేదల వాడల గొడవ. ఇప్పుడు తుపాకి పట్టడం నేర్చినవాళ్ళు, వేలమంది, ఆ అలవాటుతో ఊళ్ళలోకి దిగబోతున్నారు. జూన్ 17న నిక్సన్ విలేకరుల ముందుకొచ్చి మాదకద్రవ్యాలు దేశానికి అన్నిటికంటే పెద్ద శత్రువని చెప్పి, షికాగోలో వైద్యం చేస్తున్న జెరోమ్ జాఫీ అనే సైకియాట్రిస్టుకి కొత్త ఆఫీసొకటి అప్పగించాడు. మూత్రపరీక్ష ఆలోచన జాఫీదే. అతని లెక్క చాలా తేలిక. అక్కడున్నవాడికి ఇంటికి రావడం కంటే కావలసింది ఇంకేమీ లేదు. కాబట్టి మానగలిగినవాడు విమానం కోసం మానేస్తాడు. మానలేనివాడు దొరికిపోతాడు.

జాఫీ ఇంకో మంచి పని కూడా చేశాడు. తిరిగొచ్చినవాళ్ళు ఆ తర్వాత ఏమయ్యారో కనుక్కోవాలనుకున్నాడు. (ప్రభుత్వాలకి ఈ బుద్ధి పుట్టడం ఎంత అరుదో మీకు చెప్పక్కర్లేదు.) ఆ పని సెయింట్ లూయీలో వాషింగ్టన్ యూనివర్సిటీలో ఉన్న లీ రాబిన్స్ అనే సోషియాలజిస్టుకి ఇచ్చారు. చిన్నప్పుడు అల్లరిచిల్లరగా తిరిగి డాక్టర్ల దాకా వచ్చిన పిల్లలు పెద్దయ్యాక ఏమయ్యారో ఏళ్ళ తర్వాత వెతికి పట్టుకుని, 1966లో పుస్తకం వేసిన మనిషి ఆవిడ. మనుషుల్ని వెతికి పట్టుకోవడంలో ఆవిడది అందె వేసిన చెయ్యి.

1971 సెప్టెంబరులో వియత్నాం నుంచి తిరిగొచ్చిన ఆర్మీ జవాన్ల జాబితా తీసుకుని రాబిన్స్ రెండు గుంపులు ఎంచింది. ఒకటి లాటరీ తీసినట్టు తీసినది, రెండోది మూత్రపరీక్షలో దొరికిపోయినవాళ్ళది. ఇద్దరూ కలిపి 900 మంది దాకా. వాళ్ళు ఇల్లు చేరిన ఎనిమిది నుంచి పన్నెండు నెలల్లోపు దేశమంతా తిరిగి ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి మాట్లాడారు. నూటికి 95 మందికి పైగా దొరికారు. ఇప్పుడు ఇన్ని ఫోన్లూ ఈమెయిళ్ళూ పెట్టుకుని ఆఫీసు సర్వేకి సగం మంది చేత జవాబు ఇప్పించలేకపోతున్నాం, అది వేరే సంగతి. మాట మీదే ఆధారపడకుండా, మాటలయ్యాక మూత్రం సీసా కూడా అడిగారు.

ఏం తేలిందంటే, స్టీల్, మర్ఫీలు చెప్పింది అతిశయోక్తి కాదు, తక్కువే చెప్పారు. లాటరీ గుంపులో దాదాపు సగం మంది వియత్నాంలో హెరాయినో నల్లమందో రుచి చూశారు. నూటికి 20 మంది తాము దానికి బానిసలమయ్యామని వాళ్ళ నోటితో వాళ్ళే చెప్పారు. అక్కడ దొరికే హెరాయిన్ అమెరికా వీధుల్లో దొరికే కల్తీ సరుకు కాదు, చాలా శుద్ధమైనది, చవక కూడా. సూది అక్కర్లేదు, సిగరెట్టులో కలుపుకుని కాల్చేవాళ్ళు. గంజాయికి ఉన్న వాసన దీనికి లేదు కాబట్టి పక్కన ఆఫీసరు నిలబడినా తెలిసేది కాదు.

మరి ఇంటికొచ్చాక? అక్కడ బానిసలైనవాళ్ళలో మొదటి ఏడాది మళ్ళీ బానిసలైంది నూటికి 5 మంది. 1974లో రాబిన్స్ మళ్ళీ వెళ్ళి అడిగింది. మూడేళ్ళ మొత్తం మీద ఎప్పుడో ఒకప్పుడు, కొన్నాళ్ళపాటైనా మళ్ళీ ఆ ఊబిలో పడ్డవాళ్ళు 12 శాతం. మిగతావాళ్ళు బయటే ఉన్నారు. వాళ్ళలో చాలామంది చికిత్స అనే మాట ఎత్తలేదు, ఏ ఆసుపత్రి గడపా తొక్కలేదు.

నాకు ఇంతకంటే వింతగా అనిపించిన అంకె ఇంకోటుంది. అక్కడ బానిసలైనవాళ్ళలో దాదాపు సగం మంది ఇంటికొచ్చాక కూడా ఒకసారో రెండుసార్లో ఎక్కువసార్లో మళ్ళీ వాడారు. వాడి కూడా, చాలామంది బానిసలు కాలేదు. "ఒక్కసారి ముట్టుకుంటే అంతే, ఇక జీవితాంతం" అని అప్పటికి అందరూ వేదవాక్యంలా నమ్ముతున్నదానికి ఇది పూర్తిగా అడ్డం తిరిగింది.

సహజంగానే ఎవరూ నమ్మలేదు. పత్రికలవాళ్ళు నమ్మలేదు, డాక్టర్లు నమ్మలేదు. ప్రభుత్వం డబ్బుతో చేసిన అధ్యయనం కాబట్టి యుద్ధం మచ్చ కప్పిపుచ్చడానికి చేశారన్నవాళ్ళూ ఉన్నారు. 1993లో, అంటే ఇరవై ఏళ్ళు దాటాక కూడా, రాబిన్స్ ఇదే విషయం మీద ఇంకో వ్యాసం రాయాల్సి వచ్చింది, ఇది ఏదో గాలివాటున జరిగిందా, లేక మామూలుగా జరిగేదే ఇదా అని.

వాళ్ళు ఎందుకు నమ్మలేదో అర్థం కావాలంటే కెంటకీ వెళ్ళాలి.

కెంటకీలో లెక్సింగ్టన్ ఊరి బయట 1935లో అమెరికా ప్రభుత్వం ఒక పెద్ద సంస్థ కట్టించింది. దాని పేరు నార్కొటిక్ ఫార్మ్. పేరుకి తగ్గట్టే వెయ్యెకరాల పొలం, పశువులు, పాడి, కుట్టుపని, వడ్రంగం. సగం జైలు, సగం ఆసుపత్రి. మాదకద్రవ్యాల కేసుల్లో శిక్షపడ్డవాళ్ళూ, వాళ్ళంతట వాళ్ళు వచ్చి చేరినవాళ్ళూ ఒకే చోట ఉండేవాళ్ళు. ఆలోచన మాత్రం మంచిదే. వీళ్ళు నేరస్థులు కాదు, రోగులు. పట్నం నుంచి దూరంగా తెచ్చి, శుభ్రమైన గాలి, మూడు పూటలా తిండి, చెయ్యడానికి పని ఇస్తే బాగుపడతారు. మన ఊళ్ళలో "కొన్నాళ్ళు అమ్మమ్మగారింటికి పంపండి, వాడే దార్లోకొస్తాడు" అంటారు చూడండి, దాన్నే ప్రభుత్వం వెయ్యెకరాల్లో కట్టింది. సోనీ రోలిన్స్, చెట్ బేకర్ లాంటి జాజ్ విద్వాంసులు కూడా అక్కడ ఉండి వెళ్ళారు.

లోపల ఉన్నన్నాళ్ళూ అందరూ బాగానే ఉండేవాళ్ళు. బయటికెళ్ళాక ఏమయ్యారో చూసిన లెక్కల్లో ఒకటి 1962లో అచ్చయింది. లెక్సింగ్టన్ నుంచి న్యూయార్క్ తిరిగెళ్ళిన దాదాపు 1,900 మందిని గమనిస్తే, నూటికి 90 మందికి పైగా మళ్ళీ మొదలుపెట్టారు, అదీ చాలామంది ఆర్నెల్ల లోపే.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. లెక్సింగ్టన్‌లో నెలల తరబడి చికిత్స చేసి పంపితే పదిమందిలో తొమ్మిదిమంది వెనక్కి పడ్డారు. వియత్నాంలో కొన్నాళ్ళు ఆపి, ఒళ్ళు శుభ్రం చేసి పంపితే పదిమందిలో తొమ్మిదిమంది నిలబడ్డారు. మందు ఒకటే. అసలు వియత్నాంది ఇంకా ఘాటు మందు. మరి తేడా ఎక్కడుంది?

లెక్సింగ్టన్‌లో మనిషిని అలవాటైన చోటునుంచి తీసుకొచ్చి, బాగుచేసి, మళ్ళీ అలవాటైన చోటికే పంపారు. సైనికులు అలవాటైన చోటే బాగుపడి, ఆ అలవాటుతో ఏ సంబంధమూ లేని చోటికి వచ్చారు. అమ్మ వండిన అన్నం, పాత ఉద్యోగం, పెళ్ళాం, పిల్లలు. అమ్మేవాడెవడో తెలియదు, తెలిసినా ఖరీదు ఎక్కువ, సరుకు నాసి.

నా వృత్తిలో ఉన్నవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. టెస్ట్ సర్వర్ మీద ప్రోగ్రాం చక్కగా నడుస్తుంది, ప్రొడక్షన్‌లో పెట్టగానే కూలిపోతుంది. అప్పుడు "నా దగ్గర బాగానే పనిచేసిందండీ" అంటాడు డెవలపరు. లెక్సింగ్టన్ డాక్టర్లు నలభై ఏళ్ళ పాటు అన్నమాట అదే.

నిజానికి అక్కడే పనిచేసిన ఒకాయన దీన్ని ముందే పట్టుకున్నాడు. అబ్రహాం విక్లర్ లెక్సింగ్టన్‌లో పరిశోధకుడు. మానేసి నెలలు గడిచిపోయిన రోగుల్ని గుంపుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తుంటే ఒకటి గమనించాడు. మాటలు పాత రోజుల మీదికి, మందు మీదికి మళ్ళగానే కొందరికి ఆవలింతలు వచ్చేవి, ముక్కు కారేది, కళ్ళు చెమర్చేవి. ఇవి హెరాయిన్ ఆపిన కొత్తలో ఒంట్లో కనబడే లక్షణాలు. ఒంట్లో ఆ పదార్థం చుక్క కూడా లేదు, మానేసి నెలలైంది. అయినా మాట వినబడితే చాలు, ఒళ్ళు మళ్ళీ అదే బాధ మొదలుపెట్టింది. చింతకాయ పేరెత్తితే నోట్లో నీళ్ళూరినట్టు. 1948లోనే ఆయన దీని గురించి రాశాడు. ఊరికి తిరిగెళ్ళి, పాత వీధి మలుపు తిరిగేసరికి ఒళ్ళు జలదరించి వాంతి వచ్చినంత పనయిందని చెప్పే రోగుల మాటలు అబద్ధాలూ కాదు, సాకులూ కాదన్నమాట.

దీన్ని ఎలకల మీద నిరూపించినవాడు కెనడాలో మెక్‌మాస్టర్ యూనివర్సిటీకి చెందిన షెపర్డ్ సీగెల్. 1982లో సైన్స్ పత్రికలో వచ్చిన ఆ ప్రయోగం చిన్నదే, చదివినప్పుడు మాత్రం ఒళ్ళు గగుర్పొడిచింది. ఎలకలకి నెల రోజుల దాకా హెరాయిన్ మోతాదు కొంచెం కొంచెం పెంచుతూ ఇచ్చారు, ఎప్పుడూ ఒకే గదిలో. ఇంకో గదిలో ఉత్త చక్కెర నీళ్ళ ఇంజెక్షను. చివర్లో అన్నిటికీ ఒకే పెద్ద మోతాదు. అసలు అలవాటే లేని ఎలకలు నూటికి 96 చచ్చిపోయాయి. అలవాటైన గదిలోనే తీసుకున్నవి 32 శాతం. అవే ఎలకలు, అంతే అలవాటు, అదే మోతాదు, కానీ రెండో గదిలో తీసుకున్నవి 64 శాతం. గది మారితే చావు రెట్టింపయింది. ఎందుకంటే అలవాటైన గది కనబడగానే, మందు రాబోతోందని ఒళ్ళు ముందే కాచుకుని తయారవుతుంది. కొత్త గదిలో ఆ హెచ్చరిక అందదు.

అంటే చోటు మనిషిని వెనక్కి లాగనూగలదు, కాపాడనూగలదు. ఇది ఎలకల ముచ్చట అని కొట్టిపారెయ్యడానికి లేదు. వాషింగ్టన్ రాష్ట్రంలో జైళ్ళ నుంచి విడుదలైనవాళ్ళ లెక్క 2007లో వచ్చింది. బయటికొచ్చిన మొదటి రెండు వారాల్లో మందు ఎక్కువై చనిపోయే ప్రమాదం మామూలు జనం కంటే 129 రెట్లు. దీనికి ముఖ్యకారణం లోపలున్నన్నాళ్ళూ ముట్టుకోక ఒంటికి తట్టుకునే శక్తి పోవడం, అయినా పాత మోతాదే వెయ్యడం. గది మారిన సంగతి దానికి తోడు. ఎలా చూసినా, "మానిపించి పంపేశాం, ఇక వాడిష్టం" అని చేతులు దులుపుకునే క్షణమే అన్నిటికంటే ప్రమాదకరమైన క్షణం.

ఈ కథ చెప్పేవాళ్ళు చాలామంది ఇక్కడే 'ర్యాట్ పార్క్' కూడా తీసుకొస్తారు. 1970ల చివర్లో వాంకూవర్ దగ్గర సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీలో బ్రూస్ అలెగ్జాండర్ ఎలకలకి మామూలు బోను కంటే 200 రెట్లు పెద్ద చోటు కట్టి, ఆడామగా ఎలకల్ని కలిపి వదిలి, గోడల మీద అడవి బొమ్మలు కూడా వేయించాడు. ఒంటరి బోనుల్లో ఉన్న ఎలకలు మార్ఫిన్ నీళ్ళు తెగ తాగితే, ఇవి పెద్దగా పట్టించుకోలేదు. చాలా అందమైన ప్రయోగం. అందుకే ఇంటర్నెట్లో అందరికీ ఇష్టం. కానీ తర్వాత వేరేవాళ్ళు చేసి చూస్తే ఫలితం అంత గట్టిగా నిలబడలేదు, 1996లో ఒకాయన అసలు లేదనే తేల్చాడు. ఎలకల పార్కు లేకపోయినా సైనికుల లెక్క నిలబడుతుంది కాబట్టి నేను దాని మీద పెద్దగా బరువు పెట్టను. "వ్యసనం అనేది లేదు, ఒంటరితనం ఒక్కటే ఉంది" అని దాన్నుంచి సూక్తులు తీసేవాళ్ళంటే నాకు కాస్త చిరాకు కూడా. కొంపలో పదిమంది ఉండి, అందరూ ప్రేమగా చూసుకుంటుండగా తాగుడుతో పోయినవాళ్ళని మనమంతా చూశాం.

ఇదంతా నేను ఇంత పట్టుగా చదవడానికి కారణం మా మేనత్త కొడుకు. తెనాలి దగ్గర మా ఊళ్ళోనే ఉంటాడు, నాకంటే నాలుగేళ్ళు చిన్న. ఈపాటికి మూడుసార్లు డీఅడిక్షన్ సెంటర్‌కి వెళ్ళొచ్చాడు. వెళ్ళిన ప్రతిసారీ నెల్లాళ్ళు. వచ్చిన ప్రతిసారీ మనిషి తేటగా, నాలుగు కిలోలు పెరిగి, అందరితో నవ్వుతూ మాట్లాడుతూ ఉంటాడు. ఫోన్లో నాతో కూడా చక్కగా మాట్లాడతాడు. మళ్ళీ అదే ఇల్లు, అదే ఎరువుల కొట్టు, కొట్టు మూసే వేళకి అదే నలుగురు స్నేహితులు. రెండు నెలలు. ఒకసారైతే మూడు వారాలే. చుట్టాల తీర్పు ఏమిటో మీకు తెలుసు: "వాడికి సిగ్గు లేదు, ఎంత డబ్బు పోసినా దండగ." నాకు మాత్రం లెక్సింగ్టన్ గుర్తొస్తుంది. బాగుచేసిన చోటు వేరు, బతకాల్సిన చోటు వేరు. సెంటర్లో వాడు నెగ్గలేదనడానికి లేదు, మూడుసార్లూ నెగ్గాడు.

మన భాషలో దీనికి ఉన్న మాటలు కూడా గమ్మత్తుగా ఉంటాయి. సప్తవ్యసనాల జాబితాలో తాగుడుకి అటూ ఇటూ జూదం, వేట ఉంటాయి. అంటే అది నడవడికకి సంబంధించిన లోపం, రాజుకి తగని బుద్ధి. ఇంకోపక్క "అలవాటు పడ్డాడు" అంటాం. నూతిలో పడ్డట్టు, జ్వరాన పడ్డట్టు. మొదటి మాట తిట్టడానికి పనికొస్తుంది, రెండో మాటలో కాస్త జాలి ఉంది. చోటు గురించి చెప్పే మాట మాత్రం మనకి లేదు.

సరే, అందరూ చోటు మారలేరు కదా, మరి వాళ్ళ సంగతేమిటి? కొట్టు వదిలేసి మా బావ ఎక్కడికి పోతాడు? హార్లెమ్‌లో పుట్టినవాడు హార్లెమ్‌కి కాక ఇంకెక్కడికి తిరిగెళ్తాడు? ఈ ప్రశ్నకి జవాబు వెతికినవాళ్ళలో మేరీ నైస్వాండర్ ఒకరు. ఆవిడ 1940ల మధ్యలో లెక్సింగ్టన్‌లోనే డాక్టరు. అక్కడ రోగుల్ని చూసే తీరు నచ్చక బయటికొచ్చి, న్యూయార్క్‌లో అలవాటు పడ్డవాళ్ళకి వైద్యం మొదలుపెట్టింది. 1964లో రాక్‌ఫెల్లర్ సంస్థలో విన్సెంట్ డోల్‌తో కలిసింది. డోల్ వచ్చింది స్థూలకాయం, జీవక్రియల పరిశోధన నుంచి. అందుకని ఆయనకి ఇది నీతికి సంబంధించిన విషయమని తట్టనే లేదు. ఒంట్లో ఏదో మారింది, మధుమేహంలో ఇన్సులిన్ ఇచ్చినట్టు రోజూ ఏదో ఒకటి ఇస్తే సరిపోతుందేమో అనుకున్నాడు.

మొదట ఇద్దరు రోగులకి మార్ఫిన్ ఇచ్చి చూశారు. వాళ్ళు రోజంతా తరవాతి డోసు ఎప్పుడా అని కుర్చీలో కూర్చుని ఎదురుచూడటమే పని, మోతాదు పెంచమని గొడవ. తర్వాత మెథడోన్‌కి మార్చారు. అది నోటితో తాగేది, రోజుకొక్కసారి చాలు, మత్తు ఎక్కదు, హెరాయిన్ కోసం తహతహ తగ్గిపోతుంది. కొన్ని వారాల్లో పెద్దవాడు బొమ్మలు వెయ్యడం మొదలుపెట్టాడు, చిన్నవాడు ఆగిపోయిన చదువు పూర్తిచేస్తానని వెంటపడ్డాడు. చుట్టూ ఉన్న ఊరు మారలేదు, కానీ అందులో వాళ్ళ రోజు మారింది. 22 మంది రోగుల మీద వాళ్ళ వ్యాసం 1965లో వచ్చింది. మధ్యలో ఫెడరల్ నార్కొటిక్స్ వాళ్ళు వచ్చి ఇది చట్టవిరుద్ధమని బెదిరిస్తే, అయితే కోర్టుకి రండి, అక్కడే తేల్చుకుందాం అన్నాడట డోల్. వాళ్ళు రాలేదు.

"ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తుకి బానిసని చేశారు" అనే మాట ఆనాటి నుంచి ఈనాటి దాకా వినబడుతూనే ఉంది. ఫ్రాన్స్ ఆ మాట పట్టించుకోలేదు. 1995 నుంచి మామూలు డాక్టర్లని కూడా బ్యూప్రెనార్ఫిన్ అనే ఇలాంటి మందే రాయనిచ్చారు. నాలుగేళ్ళలో హెరాయిన్ చావులు దాదాపు 80 శాతం తగ్గాయి. ఇక్కడ అమెరికాలో ఆ మందు రాయాలంటే డాక్టరు ప్రత్యేక అనుమతి తీసుకోవాలన్న నిబంధన 2022 డిసెంబరు ఆఖరుకి గానీ పోలేదు. ఆ ఒక్క ఏడాదే లక్షమందికి పైగా మందు ఎక్కువై పోయారు. 2024కి ఆ సంఖ్య 80 వేల దరిదాపులకి తగ్గింది. తగ్గడం అంటే అదీ.

ఇక మన దగ్గరికొస్తే, చోటుని మార్చడం అనే పని మనవాళ్ళు చేశారు, వైద్యుల ప్రమేయం లేకుండా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు ఆ ఊరితో కలిసి దూబగుంట రోశమ్మ అయిపోయింది. అంతకుముందు 1980ల్లో వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే సారాని ప్యాకెట్లలో ఊరూరా చేర్చింది. కూలి డబ్బులు ఇంటికి వచ్చే దారిలోనే ప్యాకెట్టు ఉండేది. మా మొగుడి మనసు మార్చండి అని వాళ్ళు ఎవర్నీ అడగలేదు. దుకాణం మా ఊళ్ళో ఎందుకుండాలి అన్నారు. జిల్లాలో సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం రెండేళ్ళే బతికింది, దాని కథ వేరు, అందులో రాజకీయం పాలు ఎక్కువ. కానీ రాబిన్స్ అంకెలు చదివాక నాకు అర్థమైంది, దూబగుంట ఆడవాళ్ళు ఊరు కదలకుండానే ఊరిని మార్చడానికి చూశారని.

అలాగని దుకాణం మూస్తే చాలు అనుకుంటే ఏమవుతుందో కూడా మన దగ్గరే చూశాం. తెలంగాణలో కొన్ని చోట్ల కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రజోలమ్ లాంటి నిద్రమందులు కలిపి అమ్మడం చాలాకాలంగా ఉంది. 2015 సెప్టెంబరులో అధికారులు కల్తీ మీద విరుచుకుపడ్డారు. మంచి పనే. కానీ నిజామాబాద్, మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాల్లో రోజూ ఆ కల్లు తాగే కూలీలు, ఆడవాళ్ళు, ముసలివాళ్ళు ఒక్కసారిగా వణుకులు, మూర్ఛలు, పిచ్చిమాటలతో ఆసుపత్రుల్లో పడ్డారు. ఎర్రగడ్డ దాకా తెచ్చారు. కొందరు చనిపోయారు. వాళ్ళలో చాలామందికి తాము ఇన్నాళ్ళూ తాగింది నిద్రమాత్రలని కూడా తెలియదు. హెరాయిన్ ఆపితే మనిషి నరకం చూస్తాడు కానీ సాధారణంగా చావడు. ఏళ్ళ తరబడి తాగిన సారాయో, ఈ నిద్రమందులో హఠాత్తుగా ఆపితే చావు దాకా రావచ్చు. దానికి డాక్టరు, మందు, కొన్నాళ్ళ పర్యవేక్షణ తప్పవు. ఇంట్లో గదిలో పెట్టి తాళం వేసే పద్ధతి ఇంకా నడుస్తోంది కాబట్టి ఇది ప్రత్యేకంగా రాస్తున్నాను.

రాబిన్స్ ఇంకో మాట కూడా అనేది. హెరాయిన్ గురించి డాక్టర్లకి తెలిసినదంతా తమ దగ్గరికి వచ్చినవాళ్ళని చూసి నేర్చుకున్నదే, వాళ్ళంతట వాళ్ళు మానేసినవాళ్ళు ఏ ఆసుపత్రి రిజిస్టరులోనూ ఉండరు అని. సపోర్టు టికెట్లు మాత్రమే చదివేవాడికి ప్రోగ్రాం ఎవరికీ పనిచెయ్యట్లేదనే అనిపిస్తుంది. లెక్సింగ్టన్ చూసిన 90 శాతమూ నిజమే, సైనికుల 12 శాతమూ నిజమే. మొదటిదాన్నే అందరి తలరాతగా రాసేశారు, అంతే.

పోయిన నెల అత్త ఫోన్ చేసింది. ఇంకో సెంటర్ ఉందట, మూడు నెలలట, హైదరాబాదు అవతలట. "పంపమంటావా నాన్నా?" అంది. డాక్టరున్నాడో లేడో కనుక్కోమన్నాను. ఆ తర్వాత, "తిరిగొచ్చాక ఎక్కడుంటాడు అత్తా?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. మా చిన్న మావయ్యకి ఒంగోలులో ధాన్యం గోదాము ఉంది, వాళ్ళనడుగుతానంది.